మా బావ బుగ్గ కారు

మా బావ వైకుంఠరావుకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఒకటే కోరిక. బుగ్గ కారు ఎక్కాలి.

బుగ్గ కారంటే ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నెత్తి మీద ఎర్ర దీపం తిరుగుతూ, కుయ్యోమని కూస్తూ, దుమ్ము లేపుకుంటూ పోయే కారు. లోపల మంత్రిగారో కలెక్టరుగారో ఉంటారు. బావ అయిదో తరగతిలో ఉండగా పూండి రైల్వే గేటు దగ్గర అలాంటి కారు ఒకటి ఆగిందట. ఎడ్లబళ్ల మీదున్నవాళ్లు దిగిపోయారట. టీ కొట్టులో కూర్చున్నవాళ్లు లేచిపోయారట. ఆఖరికి బావ వాళ్ల నాన్నగారు, ఎవరొచ్చినా కుర్చీలోంచి కదలని మనిషి, ఆయన కూడా లేచి నిలబడి కండువా సర్దుకున్నారట. అది చూసిన రోజు నుంచీ ఈయనకి అదే పిచ్చి.

సర్పంచి అయ్యాడు. మళ్లీ అయ్యాడు. సర్పంచికి బుగ్గ ఇవ్వరని అప్పుడు తెలిసింది. కొన్నేళ్ల క్రితం ఎవరి కార్ల మీదా బుగ్గలుండకూడదని ఉత్తర్వులు వచ్చినప్పుడు ఆయన ఆ పూట భోజనం మానేశాడు. అప్పటికి ఆయనకు పదవీ లేదు, బుగ్గా లేదు. ఆ మాటకొస్తే ఊడదీయడానికి కారే లేదు, పాత జీపు తప్ప. అయినా మానేశాడు.

నేను ఆయన భార్య దుర్గాదేవికి చెల్లెలిని. పేరు సరస్వతి. అంటే ఆయనకు మరదలిని. మరదలికి మా వైపు ఒక హక్కుంది. బావను ఎంత ఏడిపించినా అడిగేవాళ్లుండరు. పెళ్లి పందిట్లో ఆయన పాయసంలో ఉప్పు కలిపింది మొదలు ఈనాటి వరకు ఆ హక్కు నేను ఒక్క రోజు కూడా వృథా చేయలేదు.

ఇక నా పని సంగతి. పిల్లలు ఒకదాని మీద ఒకటి గుచ్చి ఇళ్లూ కార్లూ కట్టుకుంటారే, ఆ ప్లాస్టిక్ ఇటుకలతో నేను బొమ్మలు కడతాను. మోటారు పెట్టి నడిపిస్తాను, లైట్లు పెట్టి వెలిగిస్తాను. మా అమ్మాయి హాస్టలుకి పోతూ వదిలేసిన ఇటుకల పెట్టెతో పలాసలో మా ఇంటి వరండాలో సరదాగా మొదలుపెట్టాను. అది కాస్తా వ్యాపారమైంది. కంచిలిలో కొబ్బరి లారీ ఉన్నాయన తన లారీ బొమ్మ కావాలంటాడు. నూర్పిడి మిషను కొన్నాయన ఆ మిషను బొమ్మ కావాలంటాడు. నేను మోటారు ఎంత బాగా కూర్చానో, చక్రాలు ఎంత చక్కగా తిరుగుతున్నాయో ఒక్కడూ చూడడు. "లైట్లు ఎలగవేటి?" అంటాడు. మా వాళ్లకు లైటు వెలగని బండి బండే కాదు.

అందుకని లైట్ల విద్య నేర్చుకున్నాను. ఇటుకల బొడిపెల సందులోంచి వెంట్రుకంత రాగితీగ లాగాలి. బియ్యపుగింజంత బల్బును ఇటుకలో దాచాలి. మినుకుమినుకుమనిపించే చిప్పు ఒకటి ఉంటుంది, దానికి తీగలు అంటించేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. మోటారుకీ లైటుకీ ఒకే బ్యాటరీ కలిపితే మాత్రం కొంప మునుగుతుంది. మోటారు అందుకోగానే లైటు నీరసపడిపోతుంది. కాబట్టి లైటుకి దాని సెల్లు దానికి వేరే ఉండాలి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇలా నా మానాన నేను బతుకుతుంటే, మా ఆయన సూర్యప్రకాష్ ఒకరోజు పొద్దున్నే చెప్పుల్లేకుండా వరండాలోకి వచ్చి ఇటుక మీద కాలేశారు. ప్లాస్టిక్ ఇటుక మీద ఉత్త కాలు వేసినవాళ్లకే తెలుస్తుంది ఆ సుఖం. ఆయన ఎగిరి, దిగి, కాలు బెణికించుకున్నారు. కట్టు కట్టించుకొని వచ్చి కుర్చీలో కూర్చొని తీర్పు చెప్పారు.

"దసరాలోపు ఎక్కడేనా గది సూసుకో సరస్పతీ. నేదంటే ఇయన్నీ అటకెక్కిపోతాయి, నీ యాపారంతో సహా. ఇల్లు ఇల్లులాగుండాల."

మామూలుగా మెత్తని మనిషి. మెత్తని మనుషులు ఒకసారి అన్నారంటే ఇక వెనక్కి తీసుకోరు. ఈ పని నాకు ఉత్త కాలక్షేపం కాదు. పెళ్లయిన ఇన్నేళ్లకు, ఎవరి భార్యగానో ఎవరి తల్లిగానో కాకుండా, "లైట్ల బొమ్మల సరస్వతిగారి ఇల్లెక్కడండీ" అని జనం వెతుక్కుంటూ వచ్చిన మొదటి పని ఇది. అటకెక్కించమంటే నన్ను అటకెక్కించినట్టే.

గది అనగానే నాకు ఒకటే గది కనబడింది. టెక్కలి మెయిన్ రోడ్డులో, బస్టాపు ఎదురుగా, మా బావ మేడ కింద ముందు గది. ఏళ్ల తరబడి ఖాళీ. మార్కెట్ కమిటీ చైర్మన్ పదవి తనకు రాబోతోందని, రాగానే అది తన ఆఫీసవుతుందని బావ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. సున్నం వేయించాడు. అద్దం బల్ల వేయించాడు. వెనక్కి వాలే కుర్చీ ఒకటి కొన్నాడు. బల్ల మీద పిలుపు గంట కూడా ఉంది. కొడితే పలికేవాళ్లే లేరు.

వెళ్లి అడిగాను.

"ఏటే?" అన్నాడు. "నా ఆఫీసు గదిలో ఆటబొమ్మల కొట్టా? రేపు జనం అర్జీలట్టుకొని వొత్తే నువ్వు బొమ్మలు తిప్పుకుంటా కూకుంతావా?"

"జనం వొచ్చినప్పుడు సూద్దుము బావా. ఇప్పుడైతే బల్లులే వొత్తన్నాయి."

"నీకు వయసొచ్చింది గానీ బుద్ది రానేదు. సిన్న గుంటలు ఆడుకునే పని సేసుకుంటా దాన్ని యాపారమంటావు. నెగు, నెగు, ఎల్లు."

ఒళ్లు మండిపోయింది. కుర్చీ కోసం గది కాపలా కాసుకునే మనిషి నాకు బుద్ధి చెబుతాడా!

తర్వాత కొద్ది రోజులకే చైర్మన్ పదవి తేలిపోయింది. బావకు కాదు, సన్యాసిరావుకి. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. ఒకే తోటలో జీడిపళ్లు దొంగిలించి ఒకే రైతు చేతిలో తన్నులు తిన్నారు. పెద్దయ్యాక ఒకే పార్టీలో చేరి ఒకే పదవి కోసం ఎదురుచూశారు. అక్కడ చెడింది.

అక్క ఫోను చేసింది.

"మీ బావ అన్నం ముట్టట్నేదే. సన్యాసిరావు ఫ్లెక్సీ మన గేటుకి ఎదురుగా కట్టీసినారు. కిటికీలన్నీ మూయించీసి సీకట్లో కూకున్నాడు. నువ్వోపాలి రాయే. నీతో దెబ్బలాడితే ఆకలేత్తాది ఆయనకి."

దెబ్బలాటకు ఉత్త చేతులతో ఎలా వెళ్తాం? బావకు ఇప్పుడు ఒక తెల్ల కారుంది. దాని బొమ్మ కట్టాను. మూరెడు పొడవు. నంబరు ప్లేటు, అద్దం మీద వెంకటేశ్వరస్వామి, అన్నీ దించాను. మీద బుగ్గ పెట్టాను. అది ఒక పట్టాన కుదరలేదు. వెలిగితే తిరిగినట్టుండదు, తిరిగినట్టుంటే వెలగదు. విప్పి కట్టి, విప్పి కట్టి, చివరికి చుట్టూ బల్బులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి వెలిగేలా చేస్తే అచ్చం తిరుగుతున్నట్టే వచ్చింది. బావ నవ్వుతాడు, ఆ నవ్వులో గది ఇచ్చేస్తాడు అనుకున్నాను. నా లెక్క అదీ.

ఆదివారం మధ్యాహ్నం పూండి దగ్గర వాళ్ల ఊరెళ్లాను. బావ హాల్లో పడక్కుర్చీలో గోడవైపు తిరిగి ఉన్నాడు. నేను పలకరించలేదు. కారును గుమ్మం దగ్గర దించి రిమోటు నొక్కాను. కారు గర్రుమంటూ బయల్దేరింది. మూసిన కిటికీల చీకట్లో బుగ్గ ఎర్రగా తిరుగుతూ గోడలన్నీ వెలిగిస్తూ తిన్నగా ఆయన కాళ్ల దగ్గరికి వచ్చింది.

బావ ఇటు తిరిగాడు. చూశాడు. లేచి నిలబడి కండువా సర్దుకున్నాడు.

బొమ్మకి!

అక్క నేల మీద కూలబడి "ఓలమ్మో, ఓలమ్మో" అని కడుపు పట్టుకుంది. పెరట్లో కొబ్బరికాయలు వలుస్తున్న మనిషి కిటికీ సందులోంచి చూసి పీచు చేత్తో పట్టుకొనే నవ్వాడు. నేనా? నా సంగతి అడక్కండి. గోడ పట్టుకొని నిలబడ్డాను. బావకు కాసేపటికి తను ఏం చేశాడో తెలిసింది. ముఖం జేవురించింది.

"బొమ్మకి దండమెట్టించినావు నాసేత! నా కంఠంలో పేణముండగా ఆ గది నీకివ్వను. ఈ బొమ్మట్టుకొని నెగిసిపో ఇక్కణ్నుంచి!"

"నీ బొమ్మ నువ్వే ఉంచుకో. రోజూ దండమెట్టుకో" అని నేనూ అరిచి బయటకు వచ్చేశాను. పలాస ఆటోలో కూర్చున్నాక గానీ తెలియలేదు ఏం చేసుకున్నానో. నా చేతులూ నా నోరూ కలిసి నా గదిని మింగేశాయి. ఇంటికి వెళ్లేసరికి మా ఆయన అటక దులిపిస్తున్నారు.

వారం తిరక్కుండానే ఫోను మోగింది. బావ. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"సరస్పతీ. బుగ్గ ఎలగట్నేదే."

"ఏ బుగ్గ బావా?"

"ఏ బుగ్గేటి? కారు నడుత్తంది. బుగ్గ సచ్చిపోయింది."

నేను ఫోను దిండు కింద పెట్టి, నవ్వాల్సినంత నవ్వి, మళ్లీ తీశాను. "ఎంతసేపు ఎలిగించేవేటి?"

"ఎంతసేపేటి. ఒక్కపాలి అలగ నొక్కేను."

ఒక్కసారి నొక్కితే సెల్లు చావదు. పొద్దస్తమానం నొక్కితే చస్తుంది. ఆ మాట నేను అనలేదు. ఎక్కడున్నావని అడిగితే టెక్కలి గదికి రమ్మన్నాడు. వెళ్లాను. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కొడితే "ఎవులు?" అని, నేనని తెలిశాక రవంత తీశాడు.

అద్దం బల్ల గోడకు జరిపేసి ఉంది. వాలే కుర్చీ మూల పడి ఉంది. గచ్చు మీద సుద్దముక్కతో రోడ్డు గీసి ఉంది. రోడ్డు పక్కన అగ్గిపెట్టెల ఇళ్లు. ఒకచోట రెండు కొబ్బరి ఈనెలు అడ్డంగా పెట్టి ఉన్నాయి. పూండి గేటు అది. గేటు దగ్గర చింతగింజలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. కారును చూసి లేచి నిలబడ్డ జనం అన్నమాట.

"కారు కొలతలు సూత్తన్నాను" అన్నాడు బావ.

"సరిపోయేయా కొలతలు?"

"మీయక్కకి సెప్పకే. నీకు దండమెడతాను."

అరవై దాటిన మనిషి, రెండుసార్లు సర్పంచి, చింతగింజల మధ్య సుద్దముక్క చేత్తో పట్టుకొని అలా అంటే ఏం చేస్తాం? చెప్పనని ఒట్టేశాను. ఆ ఒట్టు వేయడానికి నాకు ఎంత కష్టమైందో దేవుడికే తెలుసు. సెల్లు మార్చి, మాటిమాటికీ మార్చుకోవడానికి వీలుగా బుగ్గను విడిగా ఊడి వచ్చేటట్టు కట్టాను. పైన నొక్కితే వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరుతుంది. నిమ్మకాయంత ఉంటుంది, కారు నెత్తి మీద నాలుగు బొడిపెలకు టక్కున పడుతుంది. అది చేతిలో పెట్టుకొని బావ చాలాసేపు చూశాడు. తర్వాత అసలు మాట బయటపెట్టాడు.

"సన్యాసిరావు మనుసులు నీ కాడికి వొచ్చేరంట గదా. పెమాణ స్వీకారానికి ఆడి కారు బొమ్మ సేయించి ఇత్తారంట."

"వొచ్చేరు. లైట్లూ, బుగ్గా, అన్నీ ఉండాలన్నారు."

"బుగ్గ ఎట్టకే." బుగ్గను గుప్పిట్లో మూశాడు. "పదవి ఆడికే పోయింది. పోనీ. బుగ్గ మాత్రం ఎట్టకే సరస్పతీ. ఎట్టకపోతే గది సంగతి ఆలోసిద్దుము."

"ఆలోసించడం కాదు. ఇత్తావా ఇవ్వవా?"

"ఆలోసిద్దుమన్నాను గదా."

రాజకీయ నాయకుడి నోట అంతకన్నా గట్టి మాట రాదు. ఒప్పుకున్న ఆర్డరు ఎగ్గొట్టడం నా పద్ధతి కాదు. కానీ దసరా దగ్గరపడుతోంది, మా అటక నున్నగా దులిపి ఉంది. సన్యాసిరావు మనుషులు బొమ్మ తీసుకోవడానికి వచ్చినప్పుడు కారు నెత్తి మీద నాలుగు బొడిపెలు ఉత్తగా కనిపిస్తున్నాయి. బుగ్గేదని అడిగారు.

"బుగ్గలు ఎట్టకూడదని గవర్నమెంటు ఉత్తర్వుంది గదండీ" అన్నాను ముఖం సీరియస్‌గా పెట్టి. "సైర్మన్‌గారు పదవిలోకొచ్చిన రోజే బుగ్గ కారుతో ఫొటోలో పడితే ఎవులేనా కంప్లెయింటు ఎట్టీగల్రు. మీ ఇట్టం మరి."

వాళ్లు ముఖముఖాలు చూసుకొని, నాకు దండం పెట్టి, బొమ్మ పట్టుకెళ్లిపోయారు.

ప్రమాణ స్వీకారం రోజు మార్కెట్ యార్డులో షామియానా వేశారు. బొమ్మను స్టేజీ మీద నడిపించి చూపించాలి కాబట్టి నన్నూ పిలిచారు. బావ కూడా వచ్చాడు. రాకపోతే కడుపుమంట అంటారని తెల్ల ఖద్దరు చొక్కా, జరీ కండువాతో వచ్చాడు. మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"బుగ్గ ఎట్టనేదు బావా. తాళాలియ్యి."

"ఆలోసిత్తన్నాను" అన్నాడు. అని, చొక్కా జేబు తట్టుకొని గొంతు తగ్గించాడు. "అదలగుంచు గానీ, ఇది తెచ్చేను. స్విచ్చి వొదులైపోయినాది. ఊరికే తగిల్తే ఎలిగిపోతంది, నొక్కితే ఆరట్నేదు. ఓపాలి సూద్దువేటి?"

నా కోపం నషాళానికి అంటింది. "గదిత్తే సూత్తాను. నేకపోతే ఆలోసిత్తాను" అన్నాను. బావ మూతి ముడుచుకొని బుగ్గను జేబులోనే ఉంచుకొని స్టేజీ ఎక్కాడు.

సన్యాసిరావు ప్రమాణం చేశాడు. దండలు పడ్డాయి. నేను రిమోటు నొక్కి కారు బొమ్మను బల్ల మీద నడిపించాను. హెడ్‌లైట్లు వెలిగాయి, పక్క లైట్లు కొట్టుకున్నాయి, జనం ఈలలు వేశారు. సన్యాసిరావు వంగి చూసి "బుగ్గేదమ్మా?" అన్నాడు. ఆ అనడంలో ఏదో ఉంది. ఈయన కూడా ఆ రోజు పూండి గేటు దగ్గర ఉన్నట్టున్నాడు అనుకున్నాను. నేను ఉత్తర్వు సంగతి ఎత్తేలోగా ఆయన పక్కకు తిరిగి బావను చూశాడు.

"ఒరే వైకుంఠం! నువ్వు రావనుకున్నాన్రా!" అని రెండు చేతులూ చాచి గట్టిగా వాటేసుకున్నాడు. పెద్ద శరీరం ఆయనది. గుండెకు గుండె నొక్కుకుంది.

ఇద్దరూ విడిపడేసరికి బావ గుండె ఎర్రగా మినుకుమినుకుమంటోంది.

ముందు ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. తర్వాత మొదటి వరసలో మాటలు ఆగిపోయాయి. పలచని ఖద్దరు, ఏం దాస్తుంది? బావ చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ల సందుల్లోంచి ఎరుపు. కండువా కప్పాడు. జరీ ఇంకా మెరిసింది. నొక్కాడు. ఆరలేదు. మళ్లీ నొక్కాడు.

"అయ్యో పాపం, గుండె ఆపరేసను సేయించుకున్నాడేటో. మిషను కొట్టుకుంతంది" అంది ముందు కూర్చున్న ముసలమ్మ.

ఎక్కడో వెనక ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. నవ్వు షామియానా వెనక నుంచి ముందుకు పాకుతోంది. బావ నా వైపు చూశాడు. పెళ్లి పందిట్లో ఉప్పు పాయసం నుంచీ ఎన్నోసార్లు ఆయన్ని ఏడిపించాను, కోపంగా చూశాడు, అలిగి చూశాడు, ఎప్పుడూ అలా చూడలేదు. తప్పిపోయిన పిల్లాడిలా చూశాడు. ఈ జనం ఇప్పుడు నవ్వితే ఈయన మళ్లీ టెక్కలిలో అడుగుపెట్టడని నాకు అర్థమైపోయింది. అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. మా బావని నేను ఏడిపిస్తాను. అది నా హక్కు. మధ్యలో వీళ్లెవరు?

స్టేజీ మీద ముందుకు వెళ్లి మైకు లాక్కున్నాను.

"అందరికీ నమస్కారమండి. ఈ కారు నేనే సేసేను. మీద బుగ్గ నేదని సైర్మన్‌గారు అడిగేరు. బుగ్గ ఉందండి. మా బావగారి జేబులో ఉంది. స్నేహితుడి కారు మీద బుగ్గ తన సేత్తోనే ఎట్టాలని ఆయన పట్టుబట్టి తెచ్చుకున్నారండి. అదే ఆ ఎలుగుతున్నది."

పాకుతున్న నవ్వు అక్కడే ఆగింది. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అవి పెరిగి పెరిగి యార్డంతా మారుమోగాయి. నేను అక్కడితో ఆగవలసింది. కానీ చేతిలో మైకుంది, కళ్ల ముందు అటక ఉంది.

"అదొక్కటే కాదండి" అన్నాను. "ఇలాటి బొమ్మల కొట్టు ఎట్టుకోమని మెయిన్ రోడ్డులో తన సొంత ఆఫీసు గది నాకిచ్చీసినారు మా బావగారు. దసరాకి ఓపెనింగు. అందరూ రావాల."

మళ్లీ చప్పట్లు. బావ నన్ను చూసిన చూపుకి ఎండుకొబ్బరి కూడా మాడిపోయేది. కానీ ఏం చేస్తాడు? జేబులోంచి బుగ్గ తీశాడు. బల్ల దగ్గరికి నడిచాడు. కారు మీద పెట్టబోయి ఆగాడు. బుగ్గ ఆయన అరచేతిలో తిరుగుతోంది, వేళ్లు దాన్ని వదలడం లేదు. దగ్గర ఉన్నాను కాబట్టి నాకు కనబడింది. చివరికి నాలుగు బొడిపెల మీద ఆనించి బొటనవేలితో నొక్కాడు. టక్కుమంది.

సన్యాసిరావు కళ్లు తుడుచుకున్నాడు. "నీ మనసు ఎవులికుంతాది రా" అని మళ్లీ వాటేసుకున్నాడు. మైకులో ఎవరో పెద్ద మనసు గురించి పెద్ద పెద్ద మాటలు మాట్లాడారు. బావ జనానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు గానీ కళ్లు మాత్రం బుగ్గ మీదే ఉన్నాయి. నాకు గది వచ్చేసింది. ఎగిరి గంతెయ్యాలి. ఎందుకో నవ్వు రాలేదు.

తిరుగు దారిలో బావ నన్ను తన కారులో ఎక్కించుకున్నాడు. తర్వాత గది తాళాలు తీసి నా ఒళ్లోకి విసిరాడు.

"గదట్టుకుపోయేవు. బుగ్గట్టుకుపోయేవు."

"కోపమా బావా?"

"అంతమంది ముందర నన్ను పెద్ద మనసున్నోణ్ణి సేసీసినావు. ఇప్పుడు సచ్చినదాకా అలగే ఉండాల. ఎంత కట్టమో తెలుసా నీకు?"

తెలుసు. అందుకే ఆ మర్నాటి నుంచి మా ఇంటి వరండాలో నేను చేసిన ఆఖరి పని ఎవరికీ చూపించలేదు. మా ఆయన అడిగినా చెప్పలేదు.

దసరా సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, కొట్టు తెరిచాను. అద్దం బల్ల మీద లారీలూ ట్రాక్టర్లూ పెట్టాను. గచ్చు మీద సుద్ద రోడ్డును మాత్రం కడగలేదు. మా ఆయన కొత్త చెప్పులు వేసుకొని వచ్చారు, లోపలికి రావడానికి విప్పమంటే విప్పలేదు. బావ రానన్నాడు. అయినా అక్క వెనకాలే వచ్చి, ఎవరి కొట్టుకో వచ్చినట్టు అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. ఆయన వాలే కుర్చీని గుమ్మం ముందు, రోడ్డుకు ఎదురుగా వేయించాను.

"కూకో బావా."

"నాకేటి కుర్చీ?"

"నీదే గదా. కూకో."

కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్లి స్విచ్చి వేశాను. బయటికొచ్చి కొట్టు బోర్డు పైన గుడ్డ కప్పి ఉంచినదాని మీంచి గుడ్డ లాగాను. గుమ్మడికాయంత బుగ్గ. ఎర్ర ఇటుకలతో కట్టాను, లోపల మోటారు పెట్టాను, లైటుకి కరెంటు వేరే ఇచ్చాను, నీరసపడకుండా. అది గిర్రున తిరిగింది. ఎర్ర వెలుగు మెయిన్ రోడ్డంతా చుట్టింది. ఎదురు మేడల్ని తాకింది, బస్టాపులో సోంపేట బస్సు కోసం కూర్చున్న జనాన్ని తాకింది.

బస్టాపులో ఒక పెద్దాయన ఉలిక్కిపడి చూశాడు. బుగ్గను చూశాడు, దాని కింద కుర్చీలో జరీ కండువాతో ఉన్న మనిషిని చూశాడు. లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి పక్కవాళ్లు లేచారు. టీ కొట్టులో గ్లాసులు పట్టుకున్నవాళ్లు లేచారు. మలుపులో ఉన్న కానిస్టేబులు టోపీ సర్దుకున్నాడు. ఎందుకు లేచారో వాళ్లకే తెలియదు. మా వాళ్లు అంతే, బుగ్గ కనిపిస్తే కాళ్లు వాటంతట అవే లేస్తాయి.

బావ కాళ్లు కూడా లేవబోయాయి. నేను వెనక నుంచి భుజం పట్టుకొని కిందికి నొక్కాను.

"నువ్వు కూకో బావా. ఈపాలి బుగ్గ నీది."

ఆయన కూర్చుండిపోయాడు. రోడ్డు అటువైపు జనం నిలబడి ఉన్నారు, ఇటువైపు మా బావ కూర్చొని ఉన్నాడు. ఆయన కుర్చీ చేతుల్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. నేను ఏడవలేదు. ఏడిస్తే రేపటి నుంచి నన్ను ఆటపట్టిస్తాడు.

కాసేపయ్యాక బావ కండువా సర్దుకొని, నా వైపు తల తిప్పకుండానే, గొంతు తగ్గించి అడిగాడు.

"సరస్పతీ. కుయ్యోమనేది ఎట్టనేదేటే?"